అంచు దగ్గరి కొమ్ము

అటెండరు అమీర్‌బీ పదకొండు కొట్టింది. వరండా చివర వేలాడదీసిన రైలు పట్టా ముక్క మోగుతుండగానే జయకుమారి లేచి నిలబడి, అలవాటు కొద్దీ, గది నలుమూలలకీ వినపడేంత గొంతుతో "ఇంకా ఒక్క గంటే టైముంది" అంది. అన్నాక, ఎవరికి చెప్పానా అని తనకే సిగ్గేసింది. నలభై బెంచీల గదిలో ఉన్నది ఒక్కడే. కిటికీ పక్క వరసలో మూడో బెంచీలో కూర్చుని, ఎడం చెయ్యి కాగితం మీద అడ్డంగా పెట్టుకుని రాసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏం చేసేదో ఆమెకే తెలియదు. పొద్దున తొమ్మిదింటికి అతను గుమ్మంలో నిలబడి "నమస్తే మేడమ్" అన్నప్పుడు తను హాల్‌టికెట్ మీదున్న ఫొటో కేసి చూసింది గాని మొహం కేసి సరిగ్గా చూడలేదు. ఫొటోలో పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, మీసాలింకా సరిగ్గా రాలేదు. పేరు ఆదాం. ఎదురుగా నిలబడ్డవాడికి ఇరవయ్యేడుంటాయి, ఛాతీ వెడల్పయింది, నుదుటి మీద వెంట్రుకలు పల్చబడ్డాయి. సంతకం పెట్టమంది. పెట్టాడు. తనూ పెట్టింది. ఇద్దరి సంతకాలూ ఒకే కాగితం మీద పక్కపక్కనే. అంతే, రెండు గంటలైపోయింది.

బయట ఎండ అప్పుడే తెల్లగా మండుతోంది. మార్కెట్ యార్డుకి వెళ్ళే మిర్చి లారీ ఏదో రోడ్డు మీద ఆగినట్టుంది, గాలి ఇటు తిరిగి ఘాటు గది నిండా కమ్ముకుంది. జయకుమారి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేలోపే వరసగా మూడు తుమ్ములొచ్చాయి. ఖాళీ గదిలో అవి పెద్దగా వినపడ్డాయి. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఈ కాలేజీలో ఉంది, ఇప్పటికీ ఈ గాలి అలవాటు కాలేదు. అతను మాత్రం తుమ్మలేదు. చెమట కళ్ళలోకి దిగితే చేతి వేళ్ళతో తుడుచుకోడు, భుజం పైకెత్తి చొక్కాకి రుద్దుకుంటాడు. మిరపకాయలు ముట్టే చేతులవాళ్ళు అలాగే చేస్తారు, సెలవు రోజున కూడా. కోల్డ్ స్టోరేజీలో చేస్తున్నాడని ఆమెకి తెలుసు. రెండేళ్ళ కిందట నల్లపాడు రైల్వే గేటు దగ్గర బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చూసింది, లారీ పక్కన నిలబడి మిర్చి టిక్కీ బస్తాల మీద నంబర్లు వేస్తున్నాడు. దిగుదామనుకుంది. దిగి ఏం చెప్పాలి? "బాబూ, నేను నీకు గుర్తున్నానా" అనాలా? గేటు లేచింది, బస్సు కదిలింది. ఆ రోజంతా దిగి ఉంటే ఏమనేదో కూర్చుకుంటూనే ఉంది. వాక్యాలు చక్కగా వచ్చాయి. వినే మనిషే లేడు.

సబ్జెక్టు చెప్పేవాళ్ళని ఆ సబ్జెక్టు పరీక్షకి ఇన్విజిలేటర్లుగా కూర్చోబెట్టకూడదు. ఆ మాట పొద్దున తనే అంది ప్రిన్సిపాల్ బాపయ్య గారితో. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "రూలు నాకు తెలీదా మేడమ్? మిగతా వాళ్ళందరూ వాల్యుయేషన్ క్యాంపుకి పోయారు. నన్ను కూర్చోమంటారా? ఒక్క క్యాండిడేటే కదా, కానివ్వండి" అన్నారు. పాత సిలబస్ వాళ్ళకి ఇదే ఆఖరి అవకాశమని యూనివర్సిటీ సర్క్యులర్ పంపింది. ఈ ఒక్క పేపరు మిగిలిపోయినవాళ్ళు ఇప్పుడు రాయకపోతే మూడేళ్ళ చదువూ కొట్టుకుపోయినట్టే. కాలేజీ మొత్తానికి ఫీజు కట్టింది ఒక్కడు. లిస్టులో పేరు చూశాక నావల్ల కాదని చెప్పేద్దామనుకుంది, చెప్పలేదు. భయమో, ఆశో.

ఈ పేపరు మొదటి నుంచీ ఎవరిదీ కాదు. ఫిజిక్స్ పిల్లలకి కావలసిన లెక్కలు: మ్యాట్రిక్సులు, ఫోరియర్ శ్రేణులు, అవకలన సమీకరణాలు. ఫిజిక్స్ వాళ్ళేమో ఇది లెక్కలు మాకెందుకన్నారు, లెక్కలవాళ్ళేమో ఇది ఫిజిక్స్ మాకెందుకన్నారు. ఆ నడిమధ్యన ఒక కాంట్రాక్టు పోస్టు పుట్టింది, అందులో సత్తెనపల్లి నుంచి వచ్చిన ఇరవయ్యారేళ్ళ జయకుమారి చేరింది. నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. ఇంట్లో గోడ మీద బైబిలు వాక్యం ఉండేది, దాని కిందే ఎక్కాల చార్టు. రెండిటినీ తప్పుల్లేకుండా అప్పజెప్పడమే ఆ ఇంట్లో చదువంటే. ఎందుకని అడగడం ఆమె నేర్చుకోలేదు, ఎవరూ నేర్పలేదు. ఎమ్మెస్సీ కూడా అలాగే పాసయింది, గైడులు బట్టీ పట్టి, ఫస్టు క్లాసులో. కాలేజీలో రెండు డిపార్ట్‌మెంట్లకీ రెండు వాట్సాప్ గ్రూపులున్నాయి, రెండిట్లోనూ ఆమె లేదు. పిక్నిక్‌కి వెళ్ళొచ్చాక ఫొటోలు చూసి, "అయ్యో, మీకు చెప్పలేదా? వాళ్ళు చెప్పుంటారనుకున్నాం" అంటారు ఇటువాళ్ళు. అటువాళ్ళూ అదే మాటంటారు. నిజంగానే అనుకుని ఉంటారు, అబద్ధం కాదు. ఆదివారం చర్చిలో చెయ్యి కలిపేవాళ్ళున్నారు, ఇంటిదాకా వచ్చేవాళ్ళు లేరు. పెళ్ళి సంబంధాలు వచ్చినంతకాలం వచ్చి ఆగిపోయాయి, ఎప్పుడాగాయో ఆమె గమనించనే లేదు. ఇప్పుడు ఫిజిక్సులో చేరేవాళ్ళే లేక మూడేళ్ళుగా ఆ కోర్సు మూతపడింది. కంప్యూటర్ల పిల్లలకి ప్లస్సులూ మైనస్సులూ చెబుతోంది. వాళ్ళు ఏమీ అడగరు. అడిగినవాడు ఒక్కడే, ఇరవై ఒక్క ఏళ్ళలో ఒక్కడు.

ఆ రోజు బోర్డు మీద ఒక అల గీసింది. గోడలా నిట్టనిలువుగా లేచి, చదునుగా కొంత దూరం సాగి, మళ్ళీ నిట్టనిలువుగా పడిపోయే అల. ఇలాంటి మొండి అలని కూడా మెత్తటి సైన్ అలల్ని ఒకదాని మీద ఒకటి కలుపుకుంటూ పోయి తయారుచెయ్యొచ్చు, ఎన్ని ఎక్కువ కలిపితే అంత దగ్గరకొస్తుంది, అని చెప్పింది. గైడులో ఉన్నది అంతే, ఆమెకి తెలిసిందీ అంతే. రెండు రోజులయ్యాక ఆదాం నాలుగు గ్రాఫ్ షీట్లు పట్టుకొచ్చాడు. ఐదు అలలు కలిపి ఒకటి, పది కలిపి ఒకటి, పదిహేనుకొకటి, ఇరవైకొకటి, అన్నీ కాలిక్యులేటర్ మీద చేత్తో లెక్కకట్టి పెన్సిలుతో గీసినవి. "మేడమ్, మధ్యలో మీరన్నట్టే చదునవుతోంది. కానీ అంచు దగ్గర చూడండి, ఒక కొమ్ములా లేస్తోంది. ఒకటి దగ్గర ఆగాల్సింది ఒకటీ పాయింట్ ఒకటి ఎనిమిది దాకా పోతోంది. ఎన్ని కలిపినా దాని ఎత్తు తగ్గట్లేదు మేడమ్, అంచుకి దగ్గరగా జరుగుతోందంతే. ఎందుకు?" అన్నాడు. క్లాసులో ముప్ఫైమంది ఉన్నారు, వెనకబెంచీలు కూడా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆమెకి తెలియదు. తెలియదని చెప్పడం ఎలాగో కూడా తెలియదు. షీట్లు చేతిలోకి తీసుకుని, చూసినట్టు చూసి, "లెక్క తప్పు చేశావు. కాలిక్యులేటర్ డిగ్రీల్లో పెట్టి కొట్టి ఉంటావు, రేడియన్లలో పెట్టాలని ఇంటర్ పిల్లలకి కూడా తెలుసు. సిలబస్‌లో ఉన్నవి చదువు ముందు" అంది. క్లాసు ఘొల్లుమంది. ఆ నవ్వు ఆమెని కాపాడింది. అది ఇప్పటికీ గుర్తుంది, ఆ క్షణంలో తను పడ్డ హాయి. ఆ హాయి గుర్తొచ్చినప్పుడే అన్నిటికంటే ఎక్కువ ఒళ్ళు కుంచించుకుపోతుంది.

మర్నాటి నుంచి అతనికి పేరు పడింది. "ఒరేయ్ డిగ్రీలూ", "ఏరా డిగ్రీలూ, బస్సొచ్చింది రా". వరండాలో ఆమె వింటుండగానే అరిచారు. ఊరుకోండ్రా అని ఒక్క మాట అనాల్సింది. అనకుండా రిజిస్టరు గుండెలకి పట్టుకుని నడిచిపోయింది. రెండు వారాలకి అతను ఆ క్లాసుకి రావడం మానేశాడు. మిగతా పేపర్లన్నీ పాసయ్యాడు, ఇదొక్కటే తప్పాడు, మళ్ళీ రాయడానికి రాలేదు. ఆ తర్వాత ఏడాదో ఏడాదిన్నరో గడిచాక, లైబ్రరీలో చెదలు పట్టినవి పారేయడానికి అట్టపెట్టెల్లోకి సర్దుతుంటే, ఒక పాత ఇంగ్లీషు పుస్తకం చేతిలో తెరుచుకుంది. పేజీ అడుగున బొమ్మ. అంచు దగ్గర కొమ్ము. కింద చిన్న అక్షరాల్లో, ఎన్ని అలలు కలిపినా ఈ ఎత్తు తగ్గదని, అంచు వైపు జరుగుతుందని. దానికొక పేరు కూడా ఉంది, వందేళ్ళ నుంచీ ఉంది. ఆ కుర్రాడు కాలిక్యులేటర్‌తో తనంతట తను పట్టుకున్నాడు దాన్ని. జయకుమారి ఆ పెట్టెల మధ్య నేల మీదే కూర్చుండిపోయింది. ఆఫీసులో రిజిస్టరు వెతికి అతని నంబరు తీసుకుంది. మూడుసార్లు చేసింది. ఆ నంబరు వాడుకలో లేదని చెప్పింది ఒక ఆడగొంతు, మూడుసార్లూ అంతే మర్యాదగా.

లేచి వరసల మధ్య నడవాలి, నడవకపోతే నిద్రొస్తుంది. కుర్చీలోంచి లేచింది. ఖాళీ బెంచీల మీద ఎన్నేళ్ళవో పేర్లు, బాణం గుచ్చిన గుండెలు, కాపీ కోసం రాసుకున్న ఫార్ములాలు. వాటిలో ఒకటి తప్పు, కాపీ కొట్టినవాడి ఖర్మ. అతని పక్కకొచ్చేసరికి అడుగు నెమ్మదించింది. చూడకూడదనుకుంటూనే చూసింది. మ్యాట్రిక్స్ లెక్క చేస్తున్నాడు. తేలికైనదే, పది మార్కులది. మొదటి రెండు వరసలు శుభ్రంగా ఉన్నాయి. మూడో వరసలో మైనస్ రావాల్సిన చోట ప్లస్ వేశాడు. ఆమె కళ్ళు అక్కడే అతుక్కున్నాయి. ఆ ప్లస్ పట్టుకుని కిందికి దిగాడు, దిగి దిగి సమాధానంలో ఊహాసంఖ్య తెచ్చుకున్నాడు. రెండు ప్లస్ ఐ, రెండు మైనస్ ఐ. అద్దంలో బింబంలా రెండువైపులా సమంగా ఉండే మ్యాట్రిక్స్ అది, దానికి ఊహాసంఖ్యలు రానే రావు, చచ్చినా రావు. క్లాసులో వందసార్లు చెప్పింది. అంటే అతను రాని క్లాసుల్లో చెప్పింది. అతన్ని రాకుండా చేసిన క్లాసుల్లో.

మనసులో లెక్క వేసుకుంటూ కుర్చీ దగ్గరికొచ్చింది. పాసవ్వాలంటే డెబ్బై అయిదుకి ముప్ఫై రావాలి. చిన్న ప్రశ్నలు నాలుగు రాశాడు, అందులో పదిహేను వస్తాయేమో. పెద్దవి ఒకటి పూర్తయింది, ఎనిమిది వేసుకో. ఈ మ్యాట్రిక్స్ పోతే ఇరవై మూడు. ఇంకొకటి రాస్తే అటో ఇటో. ఒక్క గీత. ప్లస్‌లో నిలువు గీత లేకపోతే చాలు. వెళ్ళి వేలు పెట్టి చూపిస్తే ఎవరు చూస్తారు? అమీర్‌బీ వరండా చివర నీళ్ళ కుండ దగ్గర కునుకుతోంది. సీసీ కెమెరా పోయిన వానలకే పాడైంది. ఆనాడు లేని తప్పుని ఉందని ముప్ఫైమంది ముందు అరిచి చెప్పింది, ఈనాడు ఉన్న తప్పుని ఎవరూ లేని గదిలో గుసగుసగా కూడా చెప్పకూడదా? చెబితే తీరిపోతుందా? తీరదని వెంటనే తెలిసింది. చెబితే అతని డిగ్రీ తన దయవల్ల వచ్చినట్టవుతుంది, తను మాత్రం హాయిగా నిద్రపోతుంది. మళ్ళీ హాయి తనకే. అయినా గడియారం కేసి చూసింది. పదకొండూ ఇరవై అయిదు. రూలుకి అడ్డంరాని మాట ఒకటుంది, ఏ గదిలోనైనా చివర్లో అందరికీ చెప్పేదే: రాసినవన్నీ ఒకసారి చూసుకోండి. అందరికీ చెప్పే మాటే. ఇక్కడ అందరూ అంటే ఒక్కడే కావడం తన తప్పా? లేచింది, గొంతు సవరించుకుంది.

సరిగ్గా అప్పుడే అతను చెయ్యెత్తాడు. ఇరవయ్యేడేళ్ళ మనిషి, స్కూలు పిల్లాడిలా.

"గ్రాఫ్ షీటుందా మేడమ్?"

కట్టలోంచి ఒకటి లాగి తీసుకెళ్ళి ఇచ్చింది. ఆమె కుర్చీ దగ్గరికి పోకుండా రెండు బెంచీల వెనక నిలబడిపోయింది. ఫోరియర్ శ్రేణుల ప్రశ్న తీశాడు. స్కేలు పెట్టి గీతలు గీసుకున్నాడు, నిట్టనిలువు గోడ, చదును, గోడ. ఆ తర్వాత స్కేలు పక్కన పెట్టి చేత్తో అలల మొత్తాన్ని గియ్యడం మొదలుపెట్టాడు, నెమ్మదిగా, పెన్సిలు ఎత్తకుండా. గీత గోడ వెంట పైకి లేచింది, ఒకటి దాటింది, ఇంకొంచెం పోయింది, అక్కడ వంగి దిగి, చిన్నచిన్నగా ఊగి, చదునైంది. కొమ్ము. రెండో అంచు దగ్గర కూడా వేశాడు. దాని పక్కన బాణం గుర్తు పెట్టి 1.18 అని రాసి, కింద రెండు లైన్లు రాశాడు. జయకుమారికి అక్షరాలు కనపడలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారం గాలి వల్లనే అనుకుందామంటే లారీ వెళ్ళిపోయి అరగంటైంది. ఇతనికి తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. గైడు చూసి దిద్దేవాడి చేతిలో పడితే ఈ కొమ్ముని చూసి బొమ్మ తప్పని ఎర్ర గీత కొడతాడు, తనైతే కొట్టేది. అది తెలిసి కూడా వేశాడు, ఆఖరి అవకాశంలో.

ఆ తర్వాత అతను మొదటి పేజీకి వెళ్ళి అన్నీ తిరగేసుకున్నాడు, ఎవరూ చెప్పకుండానే. మ్యాట్రిక్స్ దగ్గర ఆగాడు. పేజీ తిప్పాడు. ఆమె కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచేసరికి పేజీ మళ్ళీ వెనక్కి తిరిగి ఉంది, అతను పెన్ను చివర పళ్ళ మధ్య పెట్టుకుని ఆ 'ఐ' కేసి చూస్తున్నాడు. "ఛ, ఇదెలా వస్తుందిరా" అని తనలో తనే పైకి అనేసుకుని నాలుక్కరుచుకున్నాడు. అడ్డంగా ఒక గీత కొట్టి పక్క పేజీలో మొదటి నుంచీ మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, సమాధానాలు మూడూ చక్కగా కుదిరాయి. పన్నెండుకి నాలుగు నిమిషాలుంది. జయకుమారి కుర్చీలో కూలబడింది. అరగంటగా ఆమె మోసిన బరువుతో అతనికి ఏ పనీ లేకపోయింది.

గంట మోగాక పేపరు చేతికిచ్చి, పెన్ను జేబులో పెట్టుకుంటున్నాడు. ఏడేళ్ళుగా కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ రాలేదు.

"ఆదాం. ఆ రోజు నువ్వు తెచ్చిన గ్రాఫులు కరెక్టే. తప్పు నాదే."

అతను ఆశ్చర్యపోలేదు. "తెలుసు మేడమ్."

"ఎప్పుడు తెలిసింది?"

"మీరన్న మర్నాడే. ఇంటికి పోయి మళ్ళీ కట్టాను, రేడియన్లలోనే ఉంది. పొద్దున్నే లైబ్రరీలో వెతికితే దొరికింది. పాత పుస్తకం."

"మరి వచ్చి చెప్పలేదేం? అంతమందిలో నవ్వుల పాలు చేశాను కదా, తెచ్చి నా మొహాన కొట్టాల్సింది."

అతను కిటికీ కేసి చూశాడు. "వచ్చాను మేడమ్. మధ్యాన్నం పుస్తకం పట్టుకుని స్టాఫ్‌రూమ్ గుమ్మం దాకా వచ్చాను. మీరు గోడ వైపు తిరిగి కూర్చుని ఒక్కరే అన్నం తింటున్నారు. ఇటుపక్క మిగతా మేడమ్‌లూ సార్లూ కేకు కోస్తున్నారు, ఎవరిదో పుట్టినరోజనుకుంటా. ఒకావిడ ఒక ముక్క పేపర్లో పెట్టి మీ టేబులు చివర పెట్టి వెళ్ళింది. మీరు వెనక్కి తిరగలేదు. కాసేపు నిలబడ్డాను. ఇక నాకు చెప్పబుద్ధి కాలేదు."

ఆ రోజు ఏదో జయకుమారికి గుర్తు రాలేదు. అలాంటి రోజులు చాలా ఉన్నాయి, వాటిలో ఏదో ఒకటి. తను ఒంటరిగా తినడం ఎవరికీ కనపడదనుకుంది ఇన్నేళ్ళూ. గోడ వైపు తిరిగింది అందుకే.

"అందుకని క్లాసు మానేస్తావా?" అని అడిగింది.

"అందుకు కాదండి. వాళ్ళు ఆ పేరు పెట్టి పిలుస్తుంటే కూర్చోలేకపోయాను. అది వేరే సంగతి." నిష్ఠూరం లేకుండా అన్నాడు, ఉన్నదున్నట్టు. అందుకే అది ఎక్కడ దిగాలో అక్కడే దిగింది.

"అయినా అప్పుడే చెప్పాల్సింది ఆదాం."

"చెబితే ఏం చేసేవారు మేడమ్?"

అబద్ధం చెప్పొచ్చు. మెచ్చుకునేదాన్ని అనొచ్చు.

"తిట్టేదాన్ని" అంది.

అతను నవ్వాడు, ఆమెకీ నవ్వొచ్చింది. ఆ గదిలో ఇద్దరి నవ్వూ కాసేపు ఉంది. తర్వాత అతను గడియారం చూసుకుని, రెండింటికి లోడు దిగుతుందని, వెళ్ళాలని చెప్పాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ బొమ్మకి మార్కులు వేస్తారంటారా?" అని అడిగాడు.

"తెలిసినవాళ్ళ చేతిలో పడితే వేస్తారు."

"పడకపోతే?"

"మిగతా వాటితో గట్టెక్కుతావు. బొమ్మ మాత్రం అలాగే ఉండాలి."

తలూపి మెట్లు దిగిపోయాడు. ఆమె పేపరు కవర్లో పెట్టి, లక్క వేయించి, బాపయ్య గారికి అప్పగించి స్టాఫ్‌రూమ్‌కి వచ్చింది. సెలవుల్లో ఎవరూ లేరు, ఫ్యాన్లు కూడా ఆపేసి ఉన్నాయి. అన్నం బాక్సు టేబులు మీద పెట్టి, కూర్చోబోతూ ఆగింది. ఇక ఎవరైనా వస్తారని కాదు, రారని తెలుసు. కుర్చీని రెండు చేతులా పట్టుకుని, దాని కాళ్ళు గచ్చు మీద కీచుమంటుంటే గుమ్మం వైపు తిప్పి వేసుకుంది. వరండా ఎండలో ఖాళీగా ఉంది. దాన్నే చూస్తూ మూత తీసింది.